సరేసు: తోళ్లు, ఎముకల జిగురు గురించి మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ వన్‌టౌన్‌లో పాత కుర్చీలు, మందసాలు, అప్పుడప్పుడు వయొలిన్లు బాగుచేసే చిన్న పని మాది. బల్ల మీద ఎప్పుడూ ఒక వేడినీళ్ల గిన్నె, అందులో గాజు సీసా, ఆ సీసాలో తేనె రంగు పాకం ఉంటాయి. వచ్చినవాళ్ల కన్ను ముందు దాని మీద పడుతుంది, కాసేపటికి ముక్కు కూడా పడుతుంది. అక్కడినుంచి ప్రశ్నలు మొదలు. రోజూ అవే జవాబులు చెప్పి గొంతు పోతోందని ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఆ సీసాలో ఉన్నది ఏమిటండీ?

సరేసు. పాత వడ్రంగుల్లో కొందరు దీన్నే వజ్రం అంటారు. పశువుల తోళ్లు, ఎముకలు, కండను ఎముకకు పట్టి ఉంచే నరాలు నీళ్లలో మరిగీ మరగకుండా కాచి, వచ్చిన రసాన్ని ఎండబెడితే తయారయ్యే జిగురు ఇది. పలుకులుగానో పలకలుగానో దొరుకుతుంది. చూస్తే నల్లబెల్లం ముక్కలా ఉంటుంది. మా షాపులో ఒక చిన్నపిల్లాడు నిజంగానే నోట్లో వేసుకున్నాడు, వాళ్లమ్మ కంగారు పడింది కానీ వాడికేం కాలేదు.

తోలులో, ఎముకలో జిగురు ఎక్కడ ఉంది?

పూర్ణా మార్కెట్ నుంచి మేక కాళ్లు తెచ్చి పాయా కాచే ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ జవాబు చెప్పక్కర్లేదు. వేడివేడిగా తాగుతుంటే పెదాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి గిన్నె తిరగేసినా పడనంత గట్టిగా పేరుకుంటుంది. ఆ పేరుకున్నది సరేసే. మసాలా వేసిన సరేసు అన్నమాట.

శాస్త్రం మాటల్లో చెప్పాలంటే, తోలును, నరాన్ని, ఎముకను గట్టిగా పట్టి ఉంచేది కొల్లాజెన్ అనే ప్రొటీన్. మన ఒంట్లో ఉన్న ప్రొటీన్లలో దాదాపు మూడో వంతు ఇదే. దాని అణువు మూడు పాయల జడలా అల్లుకుని ఉంటుంది. నీళ్లు, వేడి తగిలితే ఆ జడ ఊడిపోయి పాయలు విడిపోతాయి. అలా విడిపోయినదే జెలటిన్. చల్లారేటప్పుడు ఆ పాయలు మళ్లీ అల్లుకోవాలని చూస్తాయి. పాత జడ కుదరదు, ఎక్కడికక్కడ చిక్కుపడి మధ్యలో నీటిని బంధిస్తాయి. అందుకే అది జెల్లీలా నిలబడుతుంది. చెక్క మీద రాస్తే ఆ నీళ్లు చెక్కలోకీ గాలిలోకీ పోతాయి, చిక్కుపడిన పాయలు చెక్క పోగుల్ని పట్టుకుని గట్టిపడిపోతాయి.

ఈ జడ సంగతి గుర్తుపెట్టుకోండి. కింద చాలా జవాబులు దీని దగ్గరికే వస్తాయి.

అయితే జెలటిన్, సరేసు ఒకటేనా?

వంశం ఒకటే, చదువు వేరు. శుభ్రమైన సరుకుతో, జాగ్రత్తగా, తక్కువ వేడిలో తీసి వడకట్టింది జెలటిన్ అయి మందుల క్యాప్సూల్‌లోకి, స్వీట్లలోకి వెళుతుంది. మిగతాది సరేసు పేరుతో వడ్రంగి దగ్గరికి వస్తుంది.

ఫ్యాక్టరీలో తోలు నుంచి ఎలా తీస్తారు?

తోళ్లు ఊనే చోట, అంటే పచ్చి తోలును కుళ్లకుండా పదును చేసే టానరీల్లో, తోలు అంచులు, చెవుల దగ్గర ముక్కలు, లోపలివైపు గీకిన పొరలు బోలెడు మిగులుతాయి. ఊనకముందు మిగిలిన ఈ ముక్కలే ముడిసరుకు. ముందు బాగా కడుగుతారు. తర్వాత సున్నపు నీళ్లలో నానబెడతారు. ఒకటి రెండు రోజులు కాదు, వారాలు, ఒక్కోసారి నెలలు. సున్నం మూడు పనులు చేస్తుంది: వెంట్రుకల్ని వదిలిస్తుంది, కొవ్వును సబ్బులా మార్చి కడిగేయడానికి వీలు చేస్తుంది, కొల్లాజెన్ కాని మిగతా ప్రొటీన్లను లాగేస్తుంది. తోలు ఉబ్బి, తెల్లగా, రబ్బరులా తయారవుతుంది. అప్పుడు మళ్లీ నీళ్లు మార్చి మార్చి కడిగి, మిగిలిన సున్నాన్ని పలచటి యాసిడ్‌తో విరిచేస్తారు.

ఆ తర్వాత కాచడం. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. కళపెళ మరిగిస్తే ఎక్కువ జిగురు వస్తుందనుకుంటారు. జడ విప్పాలి గానీ జుట్టు తెంపకూడదు. మొదటి కాపు సుమారు 60 నుంచి 70 డిగ్రీల మధ్య తీస్తారు. అందులో పాయలు పొడుగ్గా ఉంటాయి, కాబట్టి అదే అన్నిటికంటే గట్టి జిగురు. ఆ రసం వంపేసి, కొత్త నీళ్లు పోసి, ఇంకొంచెం వేడి పెంచి రెండో కాపు, మూడో కాపు. కాపు పెరిగేకొద్దీ రంగు ముదురుతుంది, బలం తగ్గుతుంది. టీ పొడికి రెండోసారి నీళ్లు పోసినట్టే.

రసాన్ని వడకట్టి, గాలి ఒత్తిడి తగ్గించిన పాత్రల్లో తక్కువ వేడితోనే చిక్కబరిచి, చల్లబరిచి జెల్లీ చేస్తారు. జెల్లీని కోసి వలల మీద ఆరబెట్టి, విరిచి పలుకులు చేస్తారు. సరుకు బాగుంటే ఆ పలుకు గాజులా పెళుసుగా విరుగుతుంది.

ఎముకల నుంచి కూడా ఇలాగేనా?

ఎముకలో కొల్లాజెన్ సున్నపు ఖనిజంలో ఇరుక్కుని ఉంటుంది, కాబట్టి పని ఎక్కువ. ఎముకల్ని నలగ్గొట్టి కొవ్వు తీసేస్తారు. జిగురుకైతే ఆవిరి, వేడినీళ్లు ఒత్తిడితో పంపి రసం లాగుతారు. జెలటిన్‌కైతే పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో నానబెడతారు. ఖనిజం కరిగిపోయి, ఎముక ఆకారంలోనే వంగే మెత్తటి పదార్థం మిగులుతుంది. దాన్ని ఒస్సీన్ అంటారు. కరిగిన ఖనిజాన్ని డైకాల్షియం ఫాస్ఫేట్‌గా తీసి కోళ్ల, పశువుల దాణాలో కలుపుతారు. ఏదీ పారేయరు.

ఇంట్లో పిల్లలకు చూపించాలంటే కోడి కాలి ఎముక ఒకటి వెనిగర్‌లో కొన్ని రోజులు వదిలేయండి. రబ్బరు గొట్టంలా వంగుతుంది. వంగుతున్నది ఆ ఒస్సీనే.

గిట్టలు, కొమ్ములు ఉడికిస్తే జిగురు వస్తుందంటారు, నిజమా?

పైకి కనిపించే గిట్ట, కొమ్ము, వెంట్రుక, మన గోరు, ఇవన్నీ కెరటిన్. అది వేరే ప్రొటీన్, మామూలుగా కాస్తే కరగదు. కొమ్ము లోపల ఉండే ఎముక బొడ్డు నుంచి, గిట్ట చుట్టూ ఉన్న తోలు, నరాల నుంచి జిగురు వస్తుంది. కాళ్లు మొత్తంగా ఉడికించేవాళ్లు జిగురు గిట్ట నుంచి వచ్చిందనుకుంటారు. పాయాకు కాళ్లు కాల్చి గిట్టలు ఊడగొట్టే మన మార్కెట్ వాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

గుర్రాలతో చేస్తారట కదా?

అమెరికా, యూరప్‌లలో ముసలి గుర్రాలను జిగురు ఫ్యాక్టరీకి పంపడం ఒకప్పుడు మామూలే. మన దేశంలో ముఖ్యంగా గేదె, ఎద్దు జాతి, మేక, గొర్రె సరుకు. మాంసం, తోలు అమ్ముడుపోయాక మిగిలిందే ఇక్కడికి వస్తుంది. సరేసు కోసమని పశువును కోస్తే ఖర్చు కూడా రాదు.

చేపల నుంచి వస్తుందా? మనకు హార్బర్ ఉంది కదా.

వస్తుంది. చేప తోళ్లు, తలలు కాస్తే వచ్చే జిగురుకు ఒక సుగుణం ఉంది. చల్లటి సముద్రాల చేపల జిగురు మామూలు గది వేడిలో గడ్డకట్టదు, సీసాలోంచి నేరుగా వాడుకోవచ్చు. చన్నీళ్ల చేప కొల్లాజెన్ జడ వదులుగా అల్లి ఉంటుంది, అదీ కారణం. మన వేడి నీళ్ల చేపలది అంత వదులు కాదు.

అన్నిటికంటే నాణ్యమైనది చేప గాలితిత్తి నుంచి వస్తుంది. ఐసింగ్లాస్ అంటారు. పాత చిత్రపటాలు, చేతిరాత పుస్తకాలు బాగుచేసేవాళ్లకు అది బంగారం. బీరు, వైను తేటపరచడానికీ వాడతారు. మన తీరంలో కచిడి చేప పడిందంటే లక్షలు పలికిందని వార్త వస్తుంది కదా, ఆ డబ్బంతా ఈ తిత్తికే. కొందరు గాల్ బ్లాడర్ అంటుంటారు. అది పిత్తాశయం, ఇది వేరు. చేప నీళ్లలో తేలడానికి గాలి నింపుకునే సంచి ఇది. అంత ధర పెట్టి కొన్నదాన్ని జిగురు చేసేంత పిచ్చి ఎవరికీ లేదు. దాన్ని ఎక్కువగా తూర్పు ఆసియా వాళ్లు వంటకు, మందుకు కొంటారు.

ఫెవికాల్ కూడా ఇదేనా? డబ్బా మీద ఏనుగులు ఉన్నాయి...

ఏనుగులు బొమ్మకే. రెండువైపుల నుంచి లాగినా ఊడదని చెప్పడం వాటి పని. ఫెవికాల్ పాలీవినైల్ అసిటేట్ అనే కృత్రిమ పదార్థం, జంతువుల ఊసే లేదు. 1959లో వచ్చింది. అంతకుముందు మన వడ్రంగులు కుంపటి మీద సరేసు కాచుకునేవాళ్లు. పని మధ్యలో చల్లారితే మళ్లీ కాచాలి, వాసన భరించాలి. తెల్ల జిగురు డబ్బా మూత తీసి రాయడమే కాబట్టి అందరూ మారిపోయారు. నేనైనా కొత్త మంచం చేస్తే అదే వాడతాను.

మేం మాంసం ముట్టం. దేవుడి మందిరం బాగుచేయించాలి. ఎలా?

ముందే చెప్పండి, అంతే. మొహమాటపడకండి. పని అయిపోయాక తెలిసి బాధపడేకంటే ముందు అడగడం మేలు. మందిరాలకు, పూజపీటలకు మేం సరేసు తాకనివ్వం. తెల్ల జిగురు వాడతాం.

మన వాళ్లకు మొక్కల జిగుళ్లు ఎప్పటినుంచో తెలుసు. కాగితాలకు తుమ్మబంక. గోడ పోస్టర్లకు మైదా ఉడికించిన జిగురు, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం. కొండపల్లి బొమ్మల ముక్కలు అతికేది చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో. మన పక్కనే ఉన్న ఏటికొప్పాక బొమ్మల మెరుపు లక్కది. అది జిగురు కాదు, పూత. కానీ లక్క కూడా పురుగు వదిలేదే, కాబట్టి పూర్తి శాకాహారం అని నేను పూచీ పడలేను. విరిగిన పాల ముద్దలోని కేసీన్‌లో సున్నం కలిపినా చెక్కకు మంచి జిగురు అవుతుంది. అది ఒక్కటే జంతువు నుంచి వచ్చినా చాలామందికి అభ్యంతరం లేనిది.

ఇది ఇంగ్లీషువాళ్లు తెచ్చిన పద్ధతా?

కాదు. 12వ శతాబ్దంలో చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడి పేరిట ఉన్న మానసోల్లాసం అనే గ్రంథంలో వజ్రలేపం అనే జిగురు తయారీ ఉంది. గేదె తోలును నీళ్లలో వెన్నలా మెత్తబడేదాకా ఉడికించి, పుల్లల్లా చేసి ఎండబెట్టి దాచుకోమని, కావలసినప్పుడు మట్టి పాత్రలో నీళ్లు పోసి వేడి చేసి రంగుల్లో కలుపుకోమని. ఇప్పుడు మేం చేస్తున్నదీ అదే, మట్టి పాత్రకు బదులు గాజు సీసా. అంతకంటే శతాబ్దాల ముందు వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పిన ఒక లేపంలో గేదె తోలుతో పాటు కొమ్ములు, గాడిద వెంట్రుకలు, వేప, వెలగ రసాలు ఉన్నాయి. అందులో అసలు పని చేసింది తోలేనని నా అనుమానం. వడ్రంగుల వజ్రం అనే మాట ఈ వజ్రలేపం నుంచే వచ్చి ఉండాలని నాకనిపిస్తుంది.

ఈజిప్టులో సుమారు 3,400 ఏళ్ల నాటి రెఖ్మిరే సమాధి గోడ మీద వడ్రంగుల బొమ్మ ఉంది. పక్కన నిప్పు మీద జిగురు కుండ కూడా గీశారు.

తెల్ల జిగురు అంత సులువుగా ఉంటే మీరింకా ఇదెందుకు వాడుతున్నారు?

ఊడదీయడానికి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

వయొలిన్ తీసుకోండి. లోపల ఏదైనా బాగుచేయాలంటే పైపలక తెరవాలి. సరేసుతో అతికి ఉంటే సన్నటి చాకు అతుకులోకి దూర్చి, చుక్క స్పిరిట్ వదిలితే అది సరేసులో మిగిలిన నీటిని లాగేసి పెళుసు చేస్తుంది, టిక్ టిక్ మంటూ పలక వచ్చేస్తుంది. పని అయ్యాక మళ్లీ అతకవచ్చు. అదే తెల్ల జిగురుతోనో ఎపాక్సీతోనో అతికిస్తే చెక్క చీలుతుంది తప్ప అతుకు ఊడదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు చిన్నతనంలో వయొలిన్ నేర్చుకున్న ఊరు మనది. ఇప్పటికీ ఇళ్లల్లో తాతల నాటి వయొలిన్లు బయటపడుతుంటాయి. దయచేసి వాటి పగుళ్లలో ఇన్‌స్టంట్ గమ్ పోయకండి. నా దగ్గరికి వచ్చేవాటిలో సగం తలనొప్పి అదే.

రెండో కారణం: పాత సరేసు మీద కొత్త సరేసు అంటుకుంటుంది. వేడికి పాతది కరిగి కొత్తదానితో కలిసిపోతుంది. తెల్ల జిగురు అలా కాదు, ఎండిన పాత పొరను మొత్తం గీకి చెక్క తేలిస్తేగానీ మళ్లీ పట్టదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీలు పగిలి వాన నీళ్లు ఇళ్లల్లోకి కొట్టాయి కదా. తర్వాత నెలల తరబడి మా దగ్గరికి బర్మా టేకు కుర్చీలు కట్టెల మోపుల్లా వచ్చాయి. అతుకులన్నీ ఊడిపోయాయి, చెక్క మాత్రం నిక్షేపంగా ఉంది. వేడినీళ్ల గుడ్డతో తుడిచి, కొత్త సరేసు పెట్టి, తాళ్లతో బిగించి పంపించాం. సోఫాలు ప్లైవుడ్‌వి అయితే పొరలు విచ్చుకుపోయాయి, వాటికి చేసేదేమీ లేకపోయింది.

బలం తక్కువేమో?

సరిగా కూర్చిన అతుకును విరిస్తే అతుకు పక్కన చెక్క విరుగుతుంది. ఇంకో రుజువు: గరుకు చేసిన గాజు మీద చిక్కటి సరేసు పోసి ఎండనిస్తే, అది ముడుచుకుంటూ గాజు పైపొరను పెచ్చులుగా లేపేస్తుంది. మంచు పువ్వుల్లాంటి నగిషీ ఉన్న కిటికీ అద్దాలు కొన్ని అలా చేసినవే.

మన ఉక్కపోతకు ఆగుతుందా?

ఇంట్లో గాలి ఆడేచోట ఉన్న సామానుకు ఆగుతుంది. పాత టేకు కుర్చీలే సాక్ష్యం. కానీ బీచ్ రోడ్డు వైపు బాల్కనీలో పెట్టే కుర్చీకి, వంటింటి సింకు కింద అల్మారాకు, బాత్‌రూమ్ తలుపుకు వద్దు. చెమ్మ పీల్చుకుంటే మెత్తబడుతుంది. మే నెలలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో వయొలిన్ వదిలేశారంటే మెడ ఊడి చేతిలోకి వస్తుంది. ఊడదీయడానికి వీలిచ్చే గుణమే ఇక్కడ శత్రువు.

పలుకుల ప్యాకెట్ మీద 192, 251 అని అంకెలు ఉంటాయి. ఏమిటవి?

జెల్లీ గట్టిదనం. ఆస్కార్ బ్లూమ్ అనే ఆయన 1925లో పేటెంట్ తీసుకున్న కొలత. కొలత ప్రకారం కలిపిన ద్రావణాన్ని 10 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, అర అంగుళం వెడల్పు ఉన్న కడ్డీని 4 మిల్లీమీటర్లు దించడానికి ఎన్ని గ్రాముల బరువు కావాలో చూస్తారు. అంకె పెరిగితే త్వరగా గడ్డకడుతుంది, నీళ్లు ఎక్కువ పడతాయి. కుర్చీలకూ వయొలిన్లకూ 192 చాలు.

ఎలా కలపాలి?

ఒక వంతు పలుకులకు బరువులో సుమారు రెండు వంతుల చన్నీళ్లు పోసి రాత్రికి వదిలేయండి. సగ్గుబియ్యంలా ఉబ్బుతాయి. సీసాను వేడినీళ్ల గిన్నెలో పెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించండి. నేరుగా మంట మీద పెట్టొద్దు. కుంచెను పైకెత్తితే సన్నటి తీగలా, తెగకుండా కారాలి. రాసి వెంటనే కూర్చాలి. చలికాలంలో నిమిషం కూడా ఆగదు. మన ఎండల్లో కాస్త ఎక్కువ టైమ్ ఇస్తుంది, ఉక్కపోత చేసే మేలు ఇదొక్కటే. ఫ్యాన్ ఆపండి. బిగించి ఒక రోజు కదపకండి. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టండి, బయట వదిలితే రెండో రోజుకే కుళ్లుతుంది. పదేపదే వేడి చేసినా పాయలు తెగి బలం పోతుంది.

ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. నేను ఒకసారి చేశాను, అపార్ట్‌మెంట్‌లో. చెయ్యొద్దు.

డప్పులు, మృదంగాలు కట్టేవాళ్ల దగ్గర మిగిలిన ఊనని మేకతోలు ముక్కలు తెచ్చాను. సున్నపు నీళ్ల బకెట్లో రెండు వారాలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, లెక్కలేనన్ని నీళ్లతో కడిగాను. సున్నంతో పని చేసేటప్పుడు కళ్లజోడు, చేతి తొడుగులు తప్పనిసరి. చివరి నీళ్లలో కాస్త వెనిగర్. తర్వాత ముక్కలు మునిగేలా నీళ్లు పోసి ధర్మామీటర్ పెట్టుకుని 65 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు. ఇంతవరకూ బాగానే వచ్చింది, వడకట్టిన రసం చూసి మురిసిపోయాను కూడా. ఫ్రిజ్‌లో పేరుకున్నాక కోసి, దోమతెర గుడ్డ మీద డాబా మీద ఆరబెట్టాను. అది ఏప్రిల్. జెల్లీ 30 డిగ్రీలు దాటితే నిలవదన్న సంగతి తెలిసీ మర్చిపోయాను. మధ్యాహ్నానికి జెల్లీ అంతా కరిగి గుడ్డలోంచి కారి, కింది ఇంటివాళ్లు ఆరేసిన బట్టల మీద పడింది. వాళ్ల పట్టుచీర ఒకటి అట్టలా బిగుసుకుపోయింది. గోరువెచ్చని నీళ్లలో వదిలింది కాబట్టి సరిపోయింది, ఫెవికాల్ అయితే పోలీస్ స్టేషన్ దాకా వెళ్లేవాళ్లం.

అంతగా చూడాలనిపిస్తే సంక్రాంతికి ముందు చలిలో, ఊరిబయట, ఫ్యాన్ గాలికి, నీడలో ఆరబెట్టండి. లేదా బేకరీ సామాన్లు అమ్మే చోట జెలటిన్ పొడి కొని పైన చెప్పినట్టే కలపండి. జిగురుగా అదీ బాగానే పనిచేస్తుంది.

పాత చెప్పులు, బెల్టులు ఉడికిస్తే?

రాదు. ఊనేటప్పుడు ఆ జడకు ముడులు పడిపోతాయి, ఇక విప్పుకోదు. తోలు తడిసినా కుళ్లకుండా ఉండేది ఆ ముడుల వల్లే.

నాకు తెలియకుండా ఇంకా ఎక్కడెక్కడ వాడుతున్నారు?

అగ్గిపుల్ల తల మీది మందును పట్టి ఉంచేది ఎక్కువగా సరేసే. పాత రకం గరుకు కాగితంలో గరుకును కాగితానికి పట్టించేదీ అదే. గట్టి అట్టపెట్టెల మీద రంగు కాగితం అతికే యంత్రాల్లో, పుస్తకాల అట్టల్లో వాడుతున్నారు. రీళ్ల రోజుల్లో మీరు చూసిన ప్రతి సినిమా జెలటిన్ పొర మీద పడిన బొమ్మే, వెండి రేణువుల్ని పట్టి ఉంచింది అదే.

వాసన ఎన్నాళ్లుంటుంది?

ఎండాక ఉండదు. వాసన వస్తుంటే అది కుళ్లిన జిగురు, ఆ పని చేసినవాడిని మార్చండి.

మా కుర్చీకి వాడింది సరేసో కాదో ఎలా తెలుస్తుంది?

ఊడిన అతుకులో గోధుమరంగు గాజు పెంకుల్లాంటివి కనబడతాయి. వేలు తడిచేసి కాసేపు రుద్దండి. జిడ్డుగా అంటుకుని, పాయా గిన్నె కడిగినప్పటి వాసన వస్తే సరేసే. తెల్ల జిగురైతే తడికి పాలరంగు తిరిగి, రబ్బరులా సాగుతుంది.

ఎలుకలు, బొద్దింకలు తింటాయా?

ఆనందంగా తింటాయి, ప్రొటీన్ కదా. పలుకులు గాజు సీసాలో పోసి మూత బిగించండి. ప్లాస్టిక్ డబ్బా అయితే ఎలుక డబ్బాను కూడా వదలదు.